అగస్త్యుణ్ణి చూసి నడిపినా

కృష్ణపట్నం
3 జులై 2023

మాల్యాద్రి భార్య మస్తానమ్మకు,

పెంచలకృష్ణ రాసేది. అక్కా అని మొదలుపెట్టబోయి పెన్ను ఆపుకున్నాను. నీ నంబరు బ్లాక్ చేసినాను, ఎన్నిసార్లు కొట్టినా మోగదు. నీ గొంతు వింటే వెనకాల ఆయన దగ్గు కూడా వినపడుతుంది. అది వినే ఓపిక నాకు లేదు. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే కాగితం మీద చెప్పు.

చిన్నా దినం అయిపోయింది. మన ముగ్గురిలో ఆఖరోడు. అమ్మకు నలభై దాటినాక పుట్టినోడు. వేట నిషేధం తీసేసిన మొదటి వారమే నీ మొగుడి బోటు ఎక్కి, తెల్లారేలోపల హార్బరు రాళ్ళగట్టుకు కొట్టుకొని పోయినాడు. వాడితోపాటు మీ పక్కింటి ఓబయ్య కూడా. ముగ్గురు ఎక్కిన బోటులో చుక్కాని పట్టుకున్నోడు ఒక్కడే బతికి వచ్చినాడు. దీన్ని ఏమనాలో నువ్వే చెప్పు.

చేపల వేలం షెడ్డులో ఊరి పంచాయితీ చేసే పెద్దకాపులూ ఫిషరీస్ ఆఫీసరూ కూర్చొని ఉంటే ఆయన చెప్పిన మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు. "జీపీఎస్ బ్యాటరీ అయిపోయింది సార్. చుక్కాని నా చేతిలోనే ఉండింది. అగస్త్యుణ్ణి చూసి నడిపినా. అంచనా తప్పింది." అంతే. కళ్ళలో తడి కూడా లేదు. పక్కింటోళ్ళ కోడి పోయినట్టు చెప్పినాడు.

చుక్కను చూసి నడిపితే అంచనా తప్పిందంట! పోర్టులో నేను క్రేను నడుపుతాను. నా అంచనా తప్పి కంటైనరు ఒక మనిషి మీద దిగితే నన్ను ఊరికే ఇంటికి పంపిస్తారా? మీ ఊరి పెద్దకాపులు మాత్రం "మూడేళ్ళు చుక్కాని ముట్టుకోవద్దు" అని చెప్పి లేచిపోయినారు. రెండు ప్రాణాలకు అదీ శిక్ష.

అమ్మను నా దగ్గరికి పంపించు. కొడుకును చంపినోడి ఇంట్లో ముద్ద మింగాల్సిన కర్మ మా అమ్మకు లేదు. నేను ఆ ఊర్లో అడుగు పెట్టను. కావలి దాకా ఎవరితోనైనా పంపిస్తే అక్కడ నేను ఎక్కించుకుంటాను.

తమ్ముడు అని రాయడానికి చేయి రాని
పెంచలకృష్ణ


పాలెం, బోగోలు మండలం
12 జులై 2023

పోర్టు ఉద్యోగస్తులు పెంచలకృష్ణ గారికి,

మస్తానమ్మ ఎవురితోనో రాయించింది కాదు, సొంత చేత్తో రాసింది. ఎనిమిదో తరగతి దాకా నేనూ చదివినా. మర్చిపోయినట్టుండావు.

నువ్వు ఎక్కించుకునేదానికి అమ్మ ఏమన్నా కంటైనరా? నీ ఉత్తరం చదివి వినిపిస్తే "నేను యాడికీ రాను" అని ఒక్క మాట అనింది. పొద్దున లేస్తే పక్కింటికి పోయి ఓబయ్య పెండ్లాం రోజా కాడ కూర్చుంటాది. రోజా బిడ్డలిద్దరూ అమ్మ ఒళ్ళోనే తింటా ఉండారు. ఇద్దరాడోళ్ళూ మాట్లాడుకునేదేమీ లేదు. చేపలు కోస్తారు, ఉప్పు చల్లుతారు, ఎండేస్తారు. ఆ మాత్రం ఆసరా కూడా లేకుండా తీసకపోయి నీ క్వార్టర్సులో నాలుగు గోడల మధ్య పెడతావా?

నా మొగుడికి కళ్ళలో తడి లేదన్నావు. నువ్వు ఆ గంటసేపు చూసినావు. ఇంటికొచ్చినాక చూసినావా? ఆయన చేతులు చూసినావా? రాళ్ళను పట్టుకుని పాకతా పది గోర్లూ ఊడిపోయినాయి. ఇద్దరి శవాలనూ గట్టు మిందికి లాగింది ఎవురనుకున్నావు?

ఇంకొక మాట. చిన్నాకు బోటు ఎక్కాలని లేదు. నీ కాడ పని అడిగేదానికి కృష్ణపట్నం వచ్చినాడు గదా, ఏప్రిల్ నెలలో. పోర్టు గేటు కాడ పొద్దున్నుంచి ఎండలో నిలబెట్టి, ముఖం కూడా చూపించకుండా పంపించేసినావు. వాడు తిరిగొచ్చి "అన్నకు నేనంటే నామోషీ అక్కా" అన్నాడు. నువ్వు ఆ రోజు వాణ్ణి లోపలికి పిలిచి ఉంటే వాడు ఈ రోజు క్రేను కిందో పైనో బతికుండేవాడు. నా మొగుడి మింద రాయేసే ముందు నీ చేతిలో ఏముండాదో చూసుకో.

నీ కూతురు వెన్నెలను అడిగినానని చెప్పు. ఆ బిడ్డ మింద నాకు కోపం లేదు.

మస్తానమ్మ


కృష్ణపట్నం
29 జులై 2023

మస్తానమ్మకు,

చిన్నా వచ్చిన రోజు షిప్పు రేవు బెర్తులో ఉండింది. క్రేను క్యాబిన్లోకి ఫోను తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర పాసు లేనోణ్ణి లోపలికి రానివ్వరు. డ్యూటీ దిగి నేను పరిగెత్తి పోయేసరికి వాడు బస్సెక్కి పోయినాడు. ఈ సంగతి వాడికి ఆ సాయంత్రమే ఫోన్లో చెప్పినాను. "మళ్ళీ నెల రారా, సూపర్‌వైజర్‌తో మాట్లాడతాను" అని కూడా చెప్పినాను. వాడు నీకు అది చెప్పలేదా, చెప్పినా నువ్వు రాయలేదా? నీ మొగుణ్ణి కాపాడుకోడానికి చచ్చినోడి నోట్లో లేని మాట పెట్టొద్దు.

అమ్మకు రెండు నూలు చీరలు పార్సెల్ పంపినాను. నిన్న తిరిగి వచ్చింది. చీరలు నేను పంపితే నీకేం నొప్పి? అమ్మకూ నాకూ మధ్యన గోడ కట్టాలని చూస్తున్నావు.

సరే, అసలు విషయానికొస్తాను. వెన్నెల నెల్లూర్లో బీఎస్సీలో చేరింది. ఫిజిక్సు. మొన్న ఆదివారం ఇంటికి వస్తే అగస్త్య నక్షత్రం గురించి అడిగినాను. అది ఎంత చెప్పిందో. రాత్రిపూట కనపడే నక్షత్రాల్లో వెలుగులో రెండోదంట. మన సూర్యుడి పైభాగం అయిదున్నర వేల డిగ్రీలైతే, దానిది ఏడు వేలు దాటుతుందంట. మన సూర్యుడి లాంటివి పది వేలు ఒక్కచోట కుప్ప పోసినా దాని వెలుగుకు చాలవంట. మరీ దూరంగా ఉంది కాబట్టి మనకు అంత చుక్కగా కనపడుతుంది. మనం ఈ రోజు చూసే వెలుగు అక్కడినుంచి బయలుదేరి మూడు వందల ఏళ్ళు దాటిందంట.

అది చెప్తా ఉంటే నాకు కడుపు మండింది. పది వేల సూర్యుళ్ళంత వెలుగును చూస్తూ నడిపినోడు గట్టును గుద్దినాడా? ముప్పై ఏళ్ళు అదే సముద్రంలో తిరిగినోడు? పది వేల సూర్యుళ్ళు చాలకపోతే ఆయనకు ఇంకెంత వెలుగు కావాలో అడిగి రాయి.

పెంచలకృష్ణ


పాలెం
15 ఆగస్టు 2023

కృష్ణా,

పార్సెల్ సంగతి నాకు తెలియనే తెలియదు. పోస్టుమాను వచ్చినప్పుడు ఇంట్లో ఎవురూ లేరేమో. రేవులో చేపలకాడ ఉంటాం, నీ మాదిరి ఏసీ క్యాబిన్లో కూర్చోము. నువ్వు దానికి గోడలు కట్టినావు, పునాదులు తవ్వినావు. చీరలు నువ్వే కట్టుకో.

నీ పది వేల సూర్యుళ్ళు నా నెత్తిన పెట్టుకోడానికా? చుక్క ఎంత వేడిగా ఉండాదో తెలిస్తే చచ్చినోళ్ళు లేస్తారా? ఆ బిడ్డను చదివించుకునేది ఇంటి ఆడబిడ్డను తిట్టేదానికి మాటలు దొరుకుతాయనా?

చుక్క పైన ఉంటాది. రాళ్ళు కింద ఉంటాయి. పైన చూసేవాడికి కింద కనపడదు. ఆ పొద్దు అమావాస్య కూడాను. నీకు ఇంతకంటే చెప్పేది లేదు.

ఇకమింద రాయొద్దు.

మస్తానమ్మ


కృష్ణపట్నం
2 అక్టోబర్ 2023

మస్తానమ్మకు,

రాయొద్దన్నావు. రాయక తప్పలేదు. ఈ ఉత్తరం కూర్చొని చదువు.

నిన్న వెన్నెల వచ్చింది. దాని ఫోన్లో ఒక యాప్ ఉంది. ఏ తేదీ, ఏ ఊరు, ఏ టైము అని కొడితే ఆ గడియకు ఆకాశంలో ఏ నక్షత్రం ఎక్కడుందో చూపిస్తుంది. "చిన్నాన్న పోయిన రోజు ఆకాశం ఎట్టా ఉండిందో చూస్తాను నాయనా" అని, జూన్ పద్దెనిమిది, కావలి, తెల్లవారుజాము అని కొట్టింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ.

అగస్త్య నక్షత్రం లేదు.

ఆ గంటకే కాదు, ఆ రాత్రి మొత్తానికి లేదు. జూన్ నెలలో అది సూర్యుడు లేచినాక లేస్తుంది, సూర్యుడు దిగకముందే దిగిపోతుంది. పగలంతా దక్షిణం పక్కన తిరుగుతుంది, ఎండలో ఎవరికీ కనపడదు. మళ్ళీ తెల్లవారుజామున కనపడేది ఆగస్టులోనే. నేను సముద్రం వదిలి ఇరవై ఏళ్ళు దాటింది, మన నాయన చెప్పిన లెక్కలన్నీ మర్చిపోయినాను. నీ మొగుడు మర్చిపోయే మనిషి కాదు.

అంటే ఆయన చూడలేదు. లేనిదాన్ని చూసి నడిపినానని ఆఫీసరుకు చెప్పినాడు, పెద్దకాపులకు చెప్పినాడు, కొడుకును పోగొట్టుకున్న మా అమ్మకు చెప్పినాడు. ఎందుకు? తాగి పడుంటాడు. లేకపోతే నిద్రపోయి ఉంటాడు. అది చెప్పుకోలేక ఆకాశంలో లేని చుక్కను తెచ్చి సాక్షిగా నిలబెట్టినాడు.

నీకు వారం గడువు ఇస్తున్నాను. ఆ రోజు ఏం జరిగిందో ఆయన నోటితో చెప్పించి రాయి. లేదంటే కలెక్టరాఫీసులో అర్జీ పెడతాను.

పెంచలకృష్ణ


కృష్ణపట్నం
16 అక్టోబర్ 2023

మస్తానమ్మకు,

వారం కాదు, రెండు వారాలు చూసినాను. నీ దగ్గర జవాబు లేదని అర్థమైంది. ఈ రోజు అర్జీలు తీసుకునే సోమవారం, లీవు పెట్టి నెల్లూరు పోయి అర్జీ ఇచ్చినాను. బోటు నడిపినోడు అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినాడని, మళ్ళీ విచారణ చేయాలని రాసినాను. వెన్నెల తీసిచ్చిన ఆకాశం పటం కూడా జత చేసినాను.

ఇక మాట్లాడుకోవాల్సింది ఏదన్నా ఉంటే ఆఫీసరు ముందే.

పెంచలకృష్ణ


పాలెం
17 అక్టోబర్ 2023

కృష్ణా,

జవాబు రాయలేదని గంతులేస్తా ఉంటావు. ముందు నాకు తెలియాల గదా రాయాలంటే. తెలుసుకునేదానికి ఇన్నాళ్ళు పట్టింది.

నీ ఉత్తరం చదవంగానే నేను కూడా నీ మాదిరే అనుకున్నా. తాగినాడని. ఆయన పంచలో కూర్చొని వల కుడతా ఉండాడు. ఎదురుగా పోయి నిలబడి "జూన్ నెలలో అగస్త్యుడు యాడుంటాడు?" అన్నా. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"నీ మేనకోడలు. దాని ఫోన్లో ఆకాశం మొత్తం ఉండాదంట."

చొక్కా తగిలించుకొని గమ్మున లేచిపోయినాడు. ఆ పగలంతా రాలేదు, ఆ తర్వాత వారం పైనే నాకు దొరక్కుండా తిరిగినాడు. నేను ఊరుకుంటానా? పెద్దకాపు హజరత్తయ్య ఇంటికి పోయినా. "మామా, మేము ఆడోళ్ళం, సముద్రం ఎక్కనోళ్ళం. చుక్కల సంగతి మాకు ఎవురూ చెప్పరు. నువ్వు ఎక్కినోడివి. ఆ పొద్దు షెడ్డులో మా ఆయన అగస్త్యుణ్ణి చూసినా అంటే మీరెవురూ ఎందుకు అడగలేదు?" అన్నా.

ఆ ముసలాయన తలుపు దగ్గరికి వేసినాడు. "అమ్మాయీ, బోటు నడిపిన ప్రతి మగోడికీ తెలుసు, జూన్‌లో వాడు ఉండడని. మాల్యాద్రికి మా అందరికంటే బాగా తెలుసు. తెలిసినోడు తెలిసీ అట్టాంటి మాట అన్నాడంటే ఎవురికో అడ్డం నిలబడినాడని అర్థం. బోటులో పోయింది ముగ్గురు. అందులో ఇద్దరు మట్టిలో ఉండారు. ఇంక మేము ఎవురి పేరు అడగాల?" అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే ఆయన గడప మింద కూర్చోనుండాడు. ఆ పొద్దు చెప్పినాడు.

నిషేధం తీసేసినాక రెండు రాత్రులు కన్ను మూయలేదంట. తిరిగొచ్చేటప్పుడు చిన్నా "బావా, నువ్వు ఒక గంట పడుకో, నేను పట్టుకుంటా" అన్నాడంట. నేరుగా పట్టుకో, ఏదన్నా దీపం కనపడితే నన్ను లేపు అని చెప్పి వల మింద వాలినాడు. వాడికి ఒడ్డున తెల్లటి దీపాల వరస కనపడింది. రొయ్యపిల్లల హేచరీ దీపాలవి. హార్బరు వచ్చేసింది, బావను లేపడమెందుకు, నేనే చేర్చేస్తా అనుకున్నాడేమో. ఇంజను తగ్గించకుండా తిప్పినాడు. ఈయన కళ్ళు తెరిచేసరికి ఎదురుగా, ఆ దీపాలకు ముందు, హార్బరు గట్టు రాళ్ళు. "బావా, చేర్చేసినా చూడు" అన్నాడంట, సంతోషంగా. అదే వాడి ఆఖరి మాట. ముందరి భాగంలో పడుకోనుండిన ఓబయ్య నిద్రలోనే పోయినాడు.

ఆఫీసరు "ఏం చూసి నడిపినావు" అంటే ఆయన నోటికి అగస్త్యుడు వచ్చినాడు. ఆఫీసరుకు తెలియదు, మనోళ్ళకు అర్థమవతాది, ఇంక ఎవురూ అడగరు అనుకున్నాడు. వాడి పేరు చెప్తే అమ్మ రోజా ముఖం ఎట్టా చూస్తాది? ఆ బిడ్డలను ఒళ్ళో ఎట్టా పెట్టుకుంటాది?

రోజా కాడికి కూడా పోయినా. పోయి ఏమీ అడగలేదు, ఏడ్చినా. అదే అనింది: "నాకు తెలుసక్కా. మా మామ ఆ రోజు షెడ్డు నుంచి రాంగానే చెప్పినాడు. చచ్చినోణ్ణి నేనేం చేసేది? ఉన్న ముసలామెను ఎందుకు చంపుకోవాల?" అని చేపలు తిరగేసుకుంటా పోయింది.

ఇది కూడా విను. ఉత్తరాల్లో నీతో కొట్లాడినా గానీ, ఇన్ని నెలలూ నేను ఆయన పక్కన పడుకోలేదు. నా తమ్ముణ్ణి చంపినాడని అన్నం గిన్నె దూరం నుంచి తోసినా. ఆయన దాన్నీ తిన్నాడు. ఆయన మింద నాకు ఇప్పుడు ఎక్కువ కోపంగా ఉండాది. ఊరంతా మోసే అబద్ధంలో నాకు మాత్రం పాలు లేదా? కట్టుకున్నదానికి చెప్పకూడదా?

నువ్వు అర్జీ గిర్జీ పెట్టొద్దు. ఈ ఉత్తరం చించేయి. అమ్మ చెవిన పడితే ఆ పాపం నీదే. ఆయన తప్పు అసలు లేదని నేను అనడంలేదు. చెయ్యి తిరగనోడి చేతిలో చుక్కాని పెట్టడం తప్పే. ఆ తప్పు ఆయన మోస్తానే ఉండాడు, నువ్వు ఇంకొంచెం ఎత్తనక్కరలేదు.

మస్తానమ్మ


పాలెం
20 అక్టోబర్ 2023

కృష్ణా,

నీ అర్జీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నాది ఇంకా నీకు అంది ఉండదు.

ఇచ్చేసినావా. రెండు రోజులు ఆగలేకపోయినావా.

చిన్నాను రెండోసారి చంపేదానికి బయలుదేరినావు. ఈ తడవ బోటు నువ్వే నడుపుతుండావు.

మస్తానమ్మ


కృష్ణపట్నం
30 నవంబర్ 2023

అక్కకు,

విచారణ రోజు నువ్వు షెడ్డు దగ్గర కనపడలేదు. అమ్మ బయటికి రాకుండా ఇంట్లో కాపలా ఉన్నావని తర్వాత తెలిసింది. అక్కడ జరిగింది నీకు ఊరోళ్ళు చెప్పే ఉంటారు. నా వైపు నుంచి నేనూ చెప్పాలి.

నీ పెద్ద ఉత్తరం అందిన రోజే నెల్లూరు పరిగెత్తినాను. అర్జీ వాపసు తీసుకుంటానన్నాను. "నంబరు పడింది, పైకి పోయింది, విచారణ జరగాల్సిందే" అన్నారు. చేతులు కాళ్ళు పట్టుకున్నా కుదరలేదు. వెన్నెలకు నీ ఉత్తరం చూపించలేదు. చిన్నాన్న సంగతి దానికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కనిపెట్టింది తనే కాబట్టి తనూ వస్తానని పట్టుబట్టి వచ్చింది.

ఆఫీసరు కుర్రోడు, మర్యాదస్తుడు. ఆకాశం పటం చేతిలో పట్టుకొని హజరత్తయ్య మామను అడిగినాడు. "పెద్దాయనా, జూన్‌లో ఈ నక్షత్రం కనపడుతుందా?"

"కనపడుద్ది సార్."

రెండో కాపును అడిగినాడు. కనపడుద్ది సార్ అన్నాడు. మూడో ఆయన కూడా అంతే. వెనకాల నిలబడ్డోళ్ళు అడక్కుండానే "కనపడుద్ది, కనపడుద్ది" అన్నారు. యాభై ఏళ్ళు ఆ సముద్రం మీద తిరిగినోళ్ళు, కంటి రెప్ప కూడా వేయలేదు. బావ ఒక స్తంభానికి ఆనుకొని నేల చూస్తా ఉన్నాడు. రోజా చిన్న బిడ్డను చంకనేసుకొని షెడ్డు బయట నిలబడి ఉంది.

ఆఫీసరు నా వైపు తిరిగినాడు. "అర్జీలో లేదని మీరు రాసినారు. ఏం చెప్తారు?"

వెన్నెల అప్పటికే ఫోను తెరిచి పట్టుకుంది. నా పక్కనే నిలబడి ఉంది. దాని ఊపిరి నాకు వినపడతా ఉంది.

"నక్షత్రాల సంగతి నాకు తెలియదు సార్. తమ్ముడు పోయిన కోపంలో రాసినాను. ఆ పటం ఇంటర్నెట్లో ఏదో దొరికితే జత చేసినాను. ఈ పెద్దలు చెప్పిందే నిజం" అన్నాను.

ఆఫీసరు కాసేపు నన్నూ, ఆ ముసలోళ్ళనూ మార్చి మార్చి చూసినాడు. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. రాసుకొని, సంతకాలు పెట్టించుకొని పోయినాడు.

వెన్నెల ఫోను బ్యాగులో పెట్టుకుంది. నెల్లూర్లో హాస్టలు దగ్గర దిగేటప్పుడు అనింది: "నువ్వే నిజం తేలాలి అన్నావు నాయనా. నేను లెక్క తప్పు చేసినానని అందరి ముందరా అన్నావు." అప్పటినుంచి ఇంటికి రావడంలేదు. వాళ్ళమ్మ వాణి ఫోను చేస్తే మాట్లాడుతుంది. నేను తీసుకుంటే పెట్టేస్తుంది.

అక్కా, నాకు చిన్నా మీద కోపం వస్తా ఉంది. పోయినోడి మీద కోపం పెట్టుకుంటే దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియడంలేదు. నీ మొగుడి మీద ఉన్నప్పుడే బాగుండింది.

బావతో ఒక మాట చెప్పాలి. ఒకసారి రానివ్వు.

పెంచలకృష్ణ


పాలెం
11 ఫిబ్రవరి 2024

కృష్ణా,

తుఫాను వచ్చింది, పోయింది. మా కొట్టం రేకులు లేచిపోతే మళ్ళీ వేసుకున్నాం. ఇంత ఆలస్యం తుఫాను వల్ల కాదు. రాయబుద్ధి కాలేదు.

ఊర్లోకి వచ్చి, షెడ్డు దాకా వచ్చి, ఇంటి గడప తొక్కకుండా పోయినావు. అమ్మ ఆ పొద్దంతా "కృష్ణ వచ్చినాడంట గదా, యాడుండాడు?" అని అడగతానే ఉండింది. నీకు సిగ్గేసిందేమో. ఆమెకు అది తెలియదు. ఒక కొడుకు పోయినాడు, ఇంకొకడు వచ్చీ రాలేదు అనుకునింది. దాన్ని నేను మర్చిపోను.

పెద్దకాపుల ముందర నువ్వు అబద్ధం చెప్పినావని ఊర్లో నిన్ను మెచ్చుకుంటా ఉండారు. నేను మెచ్చుకోను. నువ్వు పెట్టిన మంట నువ్వే ఆర్పుకున్నావు, అంతే.

వెన్నెల మొన్న ఆదివారం వచ్చింది. నీకు చెప్పి రాలేదని అనింది. వచ్చీ రాంగానే వాళ్ళ మామయ్య ముందర కూర్చోని "లెక్క నేను తప్పు చేసినానా?" అని అడిగింది. ఆయన "లేదు తల్లీ, నీ లెక్క సరిగ్గా ఉండాది" అన్నాడు. ఏం జరిగిందో మొత్తం చెప్పినాడు. నాకు చెప్పేదానికి నాలుగు నెలలు పట్టింది, ఆ బిడ్డకు ఒక్క కూర్చోవడంలో చెప్పినాడు. అది ఏడ్చింది. పొద్దు గూకినాక ఇద్దరూ ఒడ్డుకు పోయినారు. దక్షిణం పక్కన అగస్త్యుణ్ణి చూపించినాడంట. అది ఆ చుక్క ఎంత వేడిగా ఉంటాదో, ఎంత పెద్దదో చెప్తా ఉంటే ఈయన చేతులు కట్టుకొని విన్నాడంట. వచ్చినాక నాతో "ఆ బిడ్డ చెప్పేది వింటా ఉంటే భయమేసిందే" అన్నాడు. ఆ మాత్రం మాట నాతో మాట్లాడి చానా కాలమైంది.

దానికి నిజం తెలిసింది. నిన్ను క్షమిస్తాదో లేదో దాని ఇష్టం. నేను సిఫారసు చెయ్యను.

ఆయనతో మాట్లాడాలన్నావు. వద్దంట. "కృష్ణ మాటలు నాకొద్దు" అన్నాడు. నేను బలవంతపెట్టలేదు.

నీతో ఒక పని ఉండాది. అమ్మకు కళ్ళలో శుక్లం ముదిరింది. నెల్లూర్లో ఆపరేషన్‌కు ఇరవయ్యో తేదీ రమ్మన్నారు. ఆయన రాడు, నేను చేపలు వదిలిపెట్టి రాలేను. రాగలిగినా నీ పక్కన కూర్చోలేను. మంగళవారం పొద్దున కావలి బస్టాండులో అమ్మను కూర్చోబెట్టి, మన ఊరి వాళ్ళను ఒకరిని తోడుంచి వస్తాను. నువ్వు తొందరగా వచ్చి తీసకపో. అమ్మను ఎండలో నిలబెట్టొద్దు. ఇడ్లీ పెట్టించు, చట్నీ కారం లేకుండా. కంటికి కట్టు కట్టినాక చెయ్యి వదలొద్దు, భయపడతాది.

దారిలో చిన్నా గురించి అడగతాది. ఆ రాత్రి ఎట్టా పోయినాడు, బాధపడినాడా, చుక్కాని ఎవురు పట్టుకోనుండారు, అన్నీ అడగతాది. రోజూ నన్ను అడిగేవే. ఇన్నాళ్ళూ నేను చెప్తా వచ్చినా. ఆ రోజు నువ్వు చెప్పు.

మస్తానమ్మ